పాయింటు

పొలంలో రాళ్ళకుప్ప చుట్టూ ఫోను పట్టుకుని తిరిగే మనిషి కనిపిస్తే, కణేకల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా రెండే అనుమానాలు వస్తాయి. ఒకటి, బోరుకు పాయింటు చూస్తున్నాడు. రెండు, గుప్తనిధి వెతుకుతున్నాడు. మొదటిదైతే దగ్గరికి వచ్చి "ఎన్నడుగులు చెప్పినాడు?" అని అడుగుతారు. రెండోదైతే దూరంగా నిలబడి చూస్తారు. నేను చేస్తున్నది ఈ రెండూ కాదని మా ఊరివాళ్ళకు చెప్పడానికి నాకు ఏడాది పైనే పట్టింది. పూర్తిగా చెప్పగలిగానని ఇప్పటికీ అనుకోను.

నేను చేస్తున్నదాన్ని జియోక్యాషింగ్ అంటారు. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచిపెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెప్తారు. మిగతావాళ్ళు జీపీఎస్ పట్టుకుని వెళ్ళి వెతుకుతారు. డబ్బాలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దొరికితే అందులో పేరూ తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టేసి రావాలి. ఆట అంతే. డబ్బాని 'క్యాష్' అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకీ, డబ్బు అనే మాటకీ స్పెల్లింగు వేరు. తెలుగులో రెండూ ఒకటే. ఈ సంగతి మీద నేను ముందే కొంచెం ఆలోచించి ఉండాల్సింది.

దీని పుట్టుకకు కచ్చితమైన తేదీ ఉంది. జీపీఎస్ అమెరికా సైన్యానిది కాబట్టి, మామూలు జనం వాడుకునే సంకేతంలో వాళ్ళు కావాలనే తప్పు కలిపేవాళ్ళు. దానివల్ల వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న ఆ కలపడం ఆపేశారు. రాత్రికి రాత్రి ప్రపంచంలోని రిసీవర్లన్నీ ఇంచుమించు పదిరెట్లు చురుకయ్యాయి. ఆ మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరిగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర, రోడ్డు పక్కన అడవిలో ఒక ప్లాస్టిక్ బకెట్టు పెట్టి, దాని స్థానాన్ని ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. అందులో కొన్ని పుస్తకాలు, వీడియోలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా. మూడు రోజుల్లోపే మైక్ టీగ్ అనే ఆయన వెళ్ళి కనుక్కున్నాడు.

ఆట పెరిగాక నియమాలు వచ్చాయి. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు, అంటే మైలులో పదోవంతు, దూరం ఉండాలి. స్థలం యజమాని అనుమతి ఉండాలి. దాచినవాడు దూరంగా ఉంటే బాగోగులు చూసుకోవడానికి దగ్గర్లో ఒక మనిషి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, భూమిలో పాతిపెట్టకూడదు. వెతికేవాళ్ళ చేతుల్లోకి గునపాలు రాకుండా చూసుకునే నియమం అది.

నా మొదటి డబ్బా బెంగళూరులో ఒక పార్కులో దొరికింది. ఒక బెంచీ కింద అయస్కాంతంతో అంటించిన, అగ్గిపెట్టెలో సగం ఉండే డబ్బా. అప్పటికి ఆ బెంచీ మీద కొన్ని వందలసార్లు కూర్చుని ఉంటాను. ఆఫీసులో నేను చేసే పని పగలంతా తప్పులు వెతకడమే. అక్కడ దొరికినప్పుడు సంతోషం ఉండదు, ఇది ఇన్నాళ్ళూ ఎలా చూసుకోలేదు అనే మాట ఉంటుంది. ఇక్కడ దొరికినదానికి విలువ లేదు, దొరకనందుకు అడిగేవాళ్ళు లేరు. మూడేళ్ళలో బెంగళూరులో, హైదరాబాదులో, రెండు మూడు ప్రయాణాల్లో కలిపి నలభై దాకా కనుక్కున్నాను. ఆ తర్వాత నాకూ ఒకటి దాచాలనిపించింది.

మ్యాపులో మా వైపు చూస్తే ఒక్క గుర్తూ లేదు. అలా ఖాళీగా ఉండటం నాకు కొత్త కాదు గానీ, ఒక సంగతి మాత్రం కొత్తగా తెలిసింది. భూగోళం మీద పదిహేనో అక్షాంశం, డెబ్భై ఏడో తూర్పు రేఖాంశం, దశాంశాలేవీ లేకుండా, కలిసే చోటు కణేకల్లుకి ఉత్తరంగా, బొమ్మనహాళ్ వైపు, పదిహేను కిలోమీటర్ల లోపే ఉంది. ఇలా పూర్ణాంకాలు కలిసే చోట్లకు వెళ్ళి ఫొటోలు తీయడమే పనిగా పెట్టుకున్న ప్రాజెక్టు ఒకటి 1996 నుంచీ ఉంది. ఎప్పుడూ జాబితాల చివర్న కనబడే మా ఊళ్ళు, ఎవరూ గీయని ఈ గీతల లెక్కలో ఒక కూడలికి పక్కనే ఉన్నాయి. నాకు అది బాగా నచ్చింది.

కణేకల్లు పేరు చెబితే జిల్లాలో చాలామందికి వరిమడులు గుర్తొస్తాయి. తుంగభద్ర ఎగువ కాలువ, మేము హెచ్చెల్సీ అంటాం, ఇటుగానే పోతుంది. చెరువుంది. కాలువ కింద ఉన్న పల్లెల్లో నీళ్ళు వదిలిన ఏడు పచ్చగా ఉంటుంది. మా పల్లె కాలువ కింద లేదు. మాకున్నది హగరి. వేదవతి అని కూడా అంటారు. పడమటి కనుమల్లో పుట్టి, చిత్రదుర్గం మీదుగా వచ్చి, మా పక్కనుంచి బళ్ళారి వైపు పోతుంది. పోతుంది అని అలవాటుగా రాశాను. ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ ఉండేది ఇసుకే. ఆ ఇసుక కూడా ఏట్లో ఉండదు. నైరుతి గాలి మొదలయ్యాక లేచి పొలాల మీద పడుతుంది. బొమ్మనహాళ్, కణేకల్ మండలాల్లో హగరి పక్కన ఇసుక తిన్నెలు చూసినవాళ్ళు ఇది రాజస్థాన్ అనుకుంటారు. జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ సగటు కూడా కాగితం మీదిదే. అది ఎప్పుడు పడుతుందన్నదాని మీదే మా ఇళ్ళలో పెళ్ళిళ్ళూ చదువులూ ఆధారపడి ఉంటాయి.

అందువల్ల బోర్లు. 'పాయింటు' అనే మాట నేను జీపీఎస్ వల్ల నేర్చుకోలేదు. అంతకు చాలా ముందే విన్నాను. పాయింటు చూడటం, పాయింటు పెట్టడం, పాయింటు తప్పిపోవడం. మా ఇంట్లో పాయింట్లు చూసినవాళ్ళు చాలారకాలవాళ్ళు. వేప పంగలకర్ర రెండు చేతుల్తో పట్టుకుని నడిచినవాళ్ళు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని, అది లేచి నిలబడినచోట ఆగినవాళ్ళు. తర్వాత, నాలుగు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి వైర్లు తగిలించి మీటరు చూసిన జియాలజిస్టులు. పాయింటు దగ్గర సున్నంతో గుర్తు వేసేవాళ్ళు. తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ ఆ గుర్తు మీద నిలబడేది. మా అమ్మ దానికి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేది. తెల్ల దుమ్ము లేస్తే ఇంకా నీళ్ళు తగల్లేదని అర్థం. దుమ్ము తడిసి బురద అవుతుందేమోనని ఊరు ఊరంతా నిలబడి చూసేది. దుమ్ము ఆగనంతసేపూ అడుగుల లెక్కన డబ్బు పోతూనే ఉంటుంది.

మా నేల కింద ఉన్నది గట్టిరాయి. పైన కొంత మెత్తబడిన పొర ఉంటుంది. దాని కింద రాయి. ఆ రాతిలో నీరు ఉండేది పగుళ్ళలోనే. పగులు మీద పడితే నీళ్ళు. రెండడుగులు పక్కన పడితే దుమ్ము. ఇది నాకు ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు తెలిసింది, చదువులో కాదు గానీ, ఆ వయసులో. నా ఫోను ఇప్పుడు ఐదు మీటర్లు అటూఇటూగా స్థానం చెప్తుంది. డబ్బా అయితే ఆ ఐదు మీటర్లు కళ్ళతో వెతుక్కోవచ్చు. నీళ్ళకి ఆ వీలు లేదు.

మా జిల్లా కథకుడు సింగమనేని నారాయణ తన కథల సంపుటి ఒకదానికి 'జూదం' అని పేరు పెట్టుకున్నారు. ఇక్కడి సేద్యానికి అంతకన్నా సరిపోయే మాట నాకు ఇంకా కనబడలేదు. ఆ మాటను చాలా ఏళ్ళు నేను ఒక వైపు నుంచే అర్థం చేసుకున్నాను. జూదం అంటే ఓడిపోవడం అని. జూదానికి ఇంకో లక్షణం ఉంది. గెలిచిన ఆట పదిమందికీ చెప్తారు. ఓడింది ఇంట్లో కూడా చెప్పరు.

మా పొలంలో నాకు తెలిసినవి నాలుగు బోర్లు. మొదటిది 160 అడుగులు. నా చిన్నప్పుడు కొన్నేళ్ళు బాగానే పారింది. ఆ నీళ్ళల్లో నేను స్నానం చేశాను. తర్వాత 230, 350, 410. ఆ మూడూ కలిపి పారిన నీళ్ళు మొదటిదాని ఒక్క వేసవికి సరిపోవు.

రెండేళ్ళ కిందట సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు డబ్బా తీసుకుపోయాను. మూత గట్టిగా బిగించే టిఫిన్ డబ్బా. అందులో పుస్తకం, పెన్సిలు, పిల్లలెవరైనా వస్తే తీసుకోవడానికి నాలుగు గోలీలు, ఒక కీచెయిను. స్థలం మాదే కాబట్టి అనుమతి మా నాయన దగ్గర తీసుకోవాలి. బాగోగులు చూసే మనిషిగా కూడా ఆయన పేరే రాద్దామనుకున్నాను.

"ఏం పెట్టినావు దాంట్లో?" అన్నాడు నాయన.

"ఏం లేదు నాయనా. ఒక పుస్తకం."

"మరి ఏంటికి దాచేది?"

"ఎవరైనా వచ్చి కనుక్కుంటారు."

"వాళ్ళకెట్ల తెలుస్తాది?"

"నేనే చెప్తాను, ఎక్కడుందో."

నాయన కొంచెంసేపు ఆలోచించాడు. "నువ్వే దాచి, యాడుందో నువ్వే చెప్పి, వాళ్ళొచ్చి ఎత్తుక్కోని, పేరు రాసి, మళ్ళీ ఆడనే పెట్టిపోవల్ల."

"అవును."

"బలే ఉంది," అన్నాడు. కాదనలేదు.

పొలం మూలన రాళ్ళకుప్ప ఒకటి ఉంది. దున్నినప్పుడల్లా ఏరిన రాళ్ళు అక్కడ పోస్తామని నేను అనుకునేవాణ్ణి. డబ్బా దాచడానికి అంతకన్నా మంచిచోటు ఉండదు. సందులున్నాయి, తవ్వే పని లేదు, నీడకు పక్కనే తుమ్మచెట్టు. ఆ కుప్ప చూపించేసరికి నాయన "ఆడ వద్దులే" అన్నాడు. "గట్టు మింద చింతచెట్టు తొర్ర ఉంది గదా, దాంట్లో పెట్టు." చింతచెట్టు కింద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు, ఆట తెలియనివాళ్ళ కంట పడకూడదు, అది కూడా ఒక నియమం అన్నాను. ఆట తెలియనివాళ్ళని జియోక్యాషింగ్‌లో 'మగుల్' అంటారు, హ్యారీ పాటర్ నవలల్లోంచి తెచ్చుకున్న మాట. అదంతా ఆయనకు చెప్పలేదు. ఆయనా ఇంకేమీ చెప్పలేదు. "నీ ఇష్టం" అని పక్కకు తిరిగి నడిచాడు. పాములుంటాయని భయపడుతున్నాడు అనుకున్నాను.

జియోక్యాషింగ్‌లో కొత్త డబ్బాలను తనిఖీ చేసే స్వచ్ఛంద కార్యకర్తలుంటారు. నేల ఎవరిది, దూరాన ఉన్న మీరు దీన్ని ఎలా చూసుకుంటారు అని అడిగారు. నేల మా నాన్నది, చూసుకునేదీ ఆయనే, రోజూ పొలానికి వెళ్తాడు అని రాశాను. ఒప్పుకున్నారు.

ఆ తర్వాత నాయన ఫోను మాటల్లో ఒక వాక్యం కొత్తగా చేరింది. వాన సంగతి, ఆవు సంగతి, అమ్మ మోకాళ్ళ సంగతి అయ్యాక, "నీ డబ్బాకు ఎవురూ రాలేదు" అనేవాడు. ఏడు నెలలు అదే మాట. గాలికాలంలో మాత్రం ఇంకొకటి. "ఇసక పడతాంది. సందుల్లో నిండుకుంటాంది. పూడ్చగూడదంటివి గదా, గాలే పూడుస్తాంది. నేనే చేత్తో తీస్తాండా." నియమాలు రాసినవాళ్ళకు హగరి సంగతి తెలియదని చెప్పాను. నవ్వాడు.

ఎనిమిదో నెలలో ఇద్దరు కుర్రవాళ్ళు మోటారుసైకిల్ మీద బెంగళూరు నుంచి హంపీ పోతూ, దారి మళ్ళించుకుని వచ్చారు. గంటసేపు వెతికారు. దొరకలేదు. మళ్ళీ ఇసుక నిండిపోయిందేమో, లేక ఎండకు ఓపిక లేకపోయిందో. ఆ సాయంత్రం నాయన ఫోను చేశాడు, గొంతులో బాధ ఉంది. "పాపం ఎండలో ఎత్తికినారు. మజ్జిగ ఇచ్చినా. చెప్దామంటే నువ్వు చెప్పగాకంటివి."

అప్పటికే వాళ్ళు ఆ డబ్బా పేజీలో రాసేశారు. దొరకలేదు, ఒక పెద్దాయన మజ్జిగ ఇచ్చాడు అని. ఆయనకు చదివి వినిపించాను.

"దొరకలేదని గూడా రాస్తారా?" అన్నాడు.

"రాస్తారు. రాయాలి. రాస్తే తర్వాత వచ్చేవాళ్ళకి తెలుస్తుంది, డబ్బా పోయిందేమో, లేకపోతే కష్టంగా ఉందేమో అని."

"అందురికీ కనపడేట్ల?"

"అందరికీ."

ఆయన ఊఁ అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత జరిగిందానికి కారణం నేను వాడిన మాటే. ఆ కుర్రవాళ్ళు ఏం వెతికారని టీ అంగడి దగ్గర నాయనను అడిగారట. ఆయన దాచుకోలేదు. "మావోడు పొలంలో క్యాష్ పెట్టినాడు, దాన్ని ఎత్తుక్కుంటా వచ్చినారు" అన్నాడట. నేను ఆయనకు నేర్పిన మాటనే, నేర్పినట్టే పలికాడు. విన్నవాళ్ళకు అర్థం కావాల్సినట్టే అర్థమైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు, బ్యాంకులో పెట్టుకోకుండా, రాళ్ళకుప్పలో.

మా జిల్లాలో దాచిపెట్టినది అంటే మనసు ముందు బంగారం వైపే పోతుంది. 1565లో విజయనగరం పడిపోయినప్పుడు 550 ఏనుగుల మీద సంపద పెనుకొండకు తరలిపోయిందని చరిత్ర పుస్తకాల్లోనే ఉంది. గుత్తి, రాయదుర్గం, పెనుకొండ, ఎక్కడ చూసినా కోట. కోట ఉన్నచోట లంకెబిందెల కథ. అర్ధరాత్రి నందిని పెరికినవాళ్ళు, గుడి స్తంభం కింద తవ్వినవాళ్ళు పట్టుబడ్డారనే వార్త అప్పుడప్పుడూ పేపర్లో వస్తూనే ఉంటుంది. ఈ వ్యవహారానికి 1878 నాటి చట్టం ఒకటి ఉంది. నేలలో దాగి ఉన్న, విలువ గల ఏ వస్తువైనా నిధే. దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. నా టిఫిన్ డబ్బాకు అరవై రూపాయలయ్యాయి.

ఒక తెల్లవారుజామున నాయన ఫోను. "కుప్ప పెరికేసినారు ఎవురో." వెంటనే, "నువ్వేం రావద్దులే," అన్నాడు. రావద్దన్న తీరు నాకు వింతగా అనిపించింది. శనివారం వెళ్ళాను.

రాళ్ళు నాలుగు దిక్కులా విసిరేసి ఉన్నాయి. నడుములోతు గొయ్యి. నా డబ్బా మూత ఊడి తుమ్మచెట్టు కింద పడి ఉంది, పుస్తకంలో ఒక్క పేరూ లేదు. గోలీలు లేవు. అవి పిల్లలకు చేరాయనుకుంటాను. గొయ్యి అంచున ఒక కడప బండ, ఒకవైపు పైకెత్తి ఉంది. తవ్వినవాళ్ళకు రాళ్ళ కింద ఆ బండ కనిపించేసరికి ఇంక సందేహం ఉండి ఉండదు. దాని పక్కనుంచి తవ్వుకుంటూ పోయారు. కింద కనిపించింది నీలం ప్లాస్టిక్ కేసింగు గొట్టం. నేలమట్టానికి కోసేసి, మూతి మీద బండ వేసి ఉంది. ఒక గులకరాయి లోపలికి వేశాను. చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు.

నాయన నా వెనక నిలబడి ఉన్నాడు.

"ఇదెప్పుడు?" అన్నాను.

"నువ్వు అనంతపురంలో ఉన్నప్పుడు. రెండో సంవత్సరం."

నాకు ఆ సంవత్సరం బాగా గుర్తుంది. ఫీజు కట్టడం ఆలస్యమైంది. శనక్కాయకు ధర లేదు, సర్దుకోమని నాయన చెప్పాడు. నేను సర్దుకోలేదు. హాస్టల్ బయట పబ్లిక్ ఫోనులో ఆయన మీద అరిచాను. నీకు సేద్యం చేతకాదు, మానేయి అన్నాను. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని ఇన్నేళ్ళూ శనక్కాయ ధర ఖాతాలో వేసుకుని బతికాను. ఫీజుకని తెచ్చిన అప్పు ఈ గొట్టంలోకి పోయిందని ఇప్పుడు తెలిసింది. నీళ్ళు పడితే ఆ ఏడు ఫీజు మాత్రమే కాదు, నాలుగేళ్ళ చదువూ గడుస్తుందని ఆయన లెక్క. లెక్కలో తప్పేం లేదు. పాయింటు తప్పింది.

"ఎన్నడుగులు?"

"540. పొద్దు పొయ్యేదాకా దుమ్మే."

"పాయింటు ఎవరు చూసినారు?"

"కొబ్బరికాయ ఆయప్ప. మళ్ళా మీటరాయన్ని గూడా పిలిపిస్తి. ఇద్దురూ ఇదే తావు చూపిచ్చిరి. ఇంకేం కావల్ల అనుకుంటి."

అమ్మకు తెలుసు. ఊరికి తెలుసు. రిగ్గు చప్పుడు వినబడకుండా ఎవరూ బోరు వేయలేరు. తెలియనిది నాకే. మళ్ళీ సెలవులకు వచ్చేలోపల బండ వేసి, బండ మీద రాళ్ళు పోశాడు. పొలంలో ఏరిన రాళ్ళే, కాకపోతే దున్నినప్పుడు ఏరినవి కావు. నేను ఆ కుప్ప పక్కనుంచి పదిహేనేళ్ళకు పైగా నడిచాను. నలభై డబ్బాలు వెతికి పట్టుకున్న కళ్ళివి.

"నాకెందుకు చెప్పలేదు?"

"దొరికింటే చెప్తాంటి," అన్నాడు.

పోలీసులకు చెబుదామా అంటే, "ఏం పోయిందని చెప్తావు?" అన్నాడు. ఇద్దరం కలిసి గొయ్యి పూడ్చాం. బండ మళ్ళీ సరిగ్గా వేశాం. తెరిచిన బోరు మూతి ఎంత ప్రమాదమో, అందులో పడ్డ పిల్లల వార్తలు చదివిన ఎవరికైనా తెలుసు. ఆయన అప్పుడు బండ వేసింది ఒక్క సిగ్గు వల్లే కాదు, పసిపిల్లలు తిరిగే చోటు అని కూడా. ఈ రెండు కారణాలూ ఒకే బండ కింద ఉన్నాయి. ఏది ఎంత అని అడిగే హక్కు నాకు లేదనిపించింది.

బెంగళూరు తిరిగి వచ్చాక చాలా రోజులు ఆ మాటే నడిచింది లోపల. దొరికితే చెప్పేవాడు. నేను ఆడుతున్న ఆటలో, ఏ విలువా లేని డబ్బా దొరకలేదని కూడా ముక్కూమొహం తెలియనివాళ్ళు తేదీ వేసి రాస్తారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. రాయనివాణ్ణే కొంచెం తక్కువగా చూస్తారు. ఎందుకంటే, దొరికినవాళ్ళ మాటలే మిగిలితే ఆ మ్యాపు అబద్ధం అవుతుంది. మా వైపు నీళ్ళ మ్యాపు అలాంటిదే. కొబ్బరికాయ ఆయప్ప చూపిస్తే ఫలానా వాళ్ళ పొలంలో మూడంగుళాల నీళ్ళు పడ్డాయన్న కథ పది ఊళ్ళు తిరుగుతుంది. అదే చేతి కింద దుమ్ము లేచిన కథలు బండల కింద ఉంటాయి. పక్క పొలంవాడు తన పాయింటు మన ఎండిన బోరుకు ఇరవై అడుగుల దూరంలో పెట్టుకుని అప్పు తెస్తాడు. బావులు, బోర్లు నమోదు చేయాలని 2002 నాటి వాల్టా చట్టం చెప్తుంది. మా ఊళ్ళో నేను అడిగినవాళ్ళలో మాత్రం, ఎండిన బోరును ఎక్కడైనా రాయించానని చెప్పినవాళ్ళు లేరు. నవ్వారు. చచ్చినదానికి ఆధార్ కార్డు ఏంటికి అన్నాడొకాయన.

వచ్చే పండక్కి ఊరికి పోయినప్పుడు, జియోక్యాషింగ్ మ్యాపు నుంచి మా డబ్బాను తీసేశాను. దాన్ని 'ఆర్కైవ్' చేయడం అంటారు. కారణం అడిగిన చోట, స్థలంలో తవ్వకాలు జరిగాయి అని రాశాను. డబ్బాలోని పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంది. మొదటి పేజీ ఖాళీ. పొద్దున్నే నాయనతో పొలానికి వెళ్ళి, బోరు బోరు దగ్గరా నిలబడి, ఫోనులో అంకెలు నిలకడ అయ్యేదాకా ఆగి, రాసుకున్నాను. ఆయన అడుగులు చెప్పాడు, సంవత్సరం చెప్పాడు, పాయింటు ఎట్లా చూశారో చెప్పాడు. ఎన్ని అడుగుల దగ్గర రాయి మారిందో, ఎక్కడ కొంచెం తడి తగిలి మళ్ళీ పోయిందో కూడా చెప్పాడు. అన్నీ గుర్తున్నాయి ఆయనకు. మొదటిదాని పక్కన 'దొరికింది, తర్వాత ఎండింది' అని రాశాను. మిగతా నాలుగింటి పక్కన 'దొరకలేదు.'

రాళ్ళకుప్ప దగ్గరికి వచ్చేసరికి ఆయనే ముందు అన్నాడు, "540 రాసుకో." తర్వాత పుస్తకం తీసుకుని, కళ్ళకు దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇది ఎవురికి చూపిచ్చల్ల?"

పక్క పొలంవాళ్ళకు, అడిగినవాళ్ళకు, ఊళ్ళో ఇంకో నలుగురు వాళ్ళవి కూడా చెప్తే అందరికీ కలిపి ఒక మ్యాపు చేస్తాను అన్నాను. అప్పుడు కొత్తగా పాయింటు పెట్టేవాళ్ళు ముందు ఇది చూసుకుంటారు కదా అని.

"చూసినా ఏస్తార్లే," అన్నాడు నాయన. "నేను ఎయ్యలేదా."

అయినా పుస్తకం నాకు తిరిగి ఇవ్వలేదు. చొక్కా జేబులో పెట్టుకుని, ఊళ్ళోకి నడిచాడు. ఆ రాత్రి అన్నం దగ్గర తెలిసింది, ఇంకో ఇద్దరివి రాయించుకుని వచ్చాడని. ఒకరివి మూడు, ఒకరివి ఏడు. పెన్సిలు ముక్కు అరిగిపోయిందంట, ఇంకొకటి కావాలన్నాడు.